సున్నపు గీత దాటిన కరెంటు బండి

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. మా ఊళ్లో బడి ఉండేది. మా ఇంట్లో మేకలు కూడా ఉండేవి. వాటి వెనక వెళ్లడానికి ఇంట్లో నేనే దొరికాను. పెళ్లయి భిలాయి వచ్చాక, నాలుగు భాషలు కలిపి మాట్లాడే చోట అక్షరం రాకపోయినా రోజులు గడిచిపోయాయి. మనవరాలు హిందీ బడికి వెళ్లి, నా తెలుగు విని నవ్వడం మొదలుపెట్టాక, దాన్ని వెంటబెట్టుకుని రిసాలిలో ఉండే ఒక టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రైల్వే వాళ్ల అమ్మాయి, గుంటూరు వైపు క్రైస్తవులు. మధ్యాహ్నాలు వరండాలో చాప వేసి మా ఇద్దరికీ ఒకే పలక ఇచ్చింది. మనవరాలు కొన్నాళ్లకే మానేసింది. నేను మానలేదు.

రెండో కారణం ఒక మనిషి. నాకు అక్షరాలు వచ్చేనాటికి ఆయన వారానికోసారి మా వరండాలో కూర్చుని టీ తాగేవాడు. "ఏటి రాస్తున్నావు భాభీ?" అని అడిగేవాడు. ఆయన గురించి మేము ఒకప్పుడు ఏమనుకున్నామో ఆయన ఎదురుగా కూర్చుని ఎలా రాయను? ఆయనకి తెలుగు చదవడం రాదు, నిజమే. అయినా అనుమానం. ఇప్పుడు ఆయన క్వార్టర్ ఖాళీ చేసి కుమ్హారి అవతల సొంత ఊరికి వెళ్లిపోయాడు. అందుకని రాస్తున్నాను.

తొంభైల నాటి మాట. మా క్వార్టర్ల వెనక గోడ దాటితే ఒక పాత రైలు సైడింగు ఉండేది. పట్టాల మధ్య తుమ్మ మొక్కలు మొలిచి ఉండేవి. దాని చివర, ఒక రేకుల షెడ్డు పక్కన, బస్సంత బండి ఒకటి పడి ఉండేది. రైలు పెట్టెలాగా ఇనుప చక్రాలు. పైకప్పు మీద పొడుగాటి గొట్టం, దాని కొసన చిన్న చక్రం. ఆ చిన్న చక్రం పైనున్న కరెంటు తీగని ఆనుకుంటే కింద మోటారు తిరిగి బండి నడిచేదట. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో గేటు దగ్గర పనివాళ్లని ఎక్కించుకుని దూరంగా ఉన్న షాపుల దగ్గర దింపేదట. తర్వాత అందరికీ సైకిళ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, దాన్ని ఇక్కడికి తోసేశారు. మా వాళ్లు కరెంటు బండి అనేవారు.

అది ఎక్కడ తయారైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. రష్యా వాళ్లు ఓడలో తెచ్చారని ఒకరు, కలకత్తాలో పాతబడితే కొన్నారని ఒక బెంగాలీ మాస్టారు, అదంతా అబద్ధం, విశాఖపట్నం రేవులో నడిచిన బండే అని మా వైపు వాళ్లు. నేను ఎవరినీ నమ్మలేదు. రష్యా మాట వదిలేస్తే, చెప్పిన ప్రతివాళ్లూ తమ ఊరి నుంచే వచ్చిందని చెప్పడం నాకు వింతగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం అందరి మాటా ఒకటే. అది నడిచే రోజుల్లో మెట్టు మీంచి జారి ఒక మనిషి చక్రాల కింద పడ్డాడట. పేరు ఎవరూ చెప్పలేరు. మా పై అంతస్తులో ఉండే వదిన, విజయనగరం ఆవిడ, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అనేది: "అది ఒకసారి మనిషిని తిన్న బండే. దాన్ని మళ్లీ లేపీడం దేనికి? పడుకున్నదాన్ని పడుకోనీకుండా."

లేపడానికే నిర్ణయించారు. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు దాన్ని చూసి, బాగుచేసి పార్కులో పెడదాం, పిల్లలు ఎక్కుతారు అన్నాడు. అయితే ఒక షరతు. బండి తన కరెంటుతో తానే నడవాలి, గీసిన గీత దగ్గర ఆగాలి. ఆగకపోతే పిల్లల్ని ఎక్కించలేం కాబట్టి ముక్కలు కోసి ఫర్నేసులో వేసేస్తారు. ఈ మాట విన్నాక మా వరసలో ఆడవాళ్లం మరోలా అనుకున్నాం. పార్కు పేరుతో మా క్వార్టర్లు కూలగొడతారేమో, లేకపోతే పనికిరాని ఇనుము మీద ఒక పెద్దమనిషికి ఇంత ప్రేమ ఎందుకు? నేను ఇప్పటికీ ఆ అనుమానం తప్పని అనను. కాకపోతే అప్పుడు జరగలేదు.

మా ఆయన మోటారు వైండింగులో పనిచేసేవారు. కాలిపోయిన మోటారు విప్పి, పాత రాగి తీగ తీసి, కొత్త తీగ చుట్టడం ఆయన పని. రిటైర్మెంటు దగ్గరపడింది. బండి మోటారు ఆయన చేతికే వచ్చింది. విప్పితే లోపల ఎలుకల గూడు, ఎప్పటిదో ఒక టికెట్టు ముక్క, ఎండిన తేలు. రోజూ డ్యూటీ అయ్యాక షెడ్డుకి వెళ్లి, వార్నిష్ వాసనతో ఇంటికొచ్చేవారు. సన్నటి నూలు పట్టీ తీగ చుట్టలకి బిగించి చుట్టి, వార్నిష్‌లో ముంచి, పొయ్యిలాంటి దాంట్లో ఆరబెట్టేవారట. తుడవడానికి నా పాత నూలు చీరలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. బండి గోడల మీద రంగు గీకితే నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద ఎరుపు కనిపించాయని, ఎరుపే మొదటిదని, ఎరుపే వేస్తామని అన్నం తింటూ చెప్పేవారు. నాతో అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడని మనిషి. అది కూడా నాకు అనుమానంగానే ఉండేది.

బ్రేకులు మాత్రం ఇంకొకరి పని. కుమ్హారి వైపు ఛత్తీస్‌గఢీ ఫిట్టరు, మా ఆయన కంటే చిన్నవాడు. మా వాళ్ల మధ్య పనిచేసి పనిచేసి "ఏటి", "గాని" అంటూ తెలుగు మాట్లాడేవాడు. ఆ బండిని మొదట్లో నడిపింది ఆయన తండ్రేనట. అందుకని మళ్లీ మొదటిసారి నడిపేటప్పుడు హ్యాండిల్ తనకే ఇవ్వమని ఆఫీసరుని అడిగాడు. ఆఫీసరు సీనియర్ అని మా ఆయనకి ఇచ్చాడు.

ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన ఎంత సంతోషపడ్డారో నేను అంత భయపడ్డాను.

"ఆడు అడిగింది మీకిచ్చినారు. మరి బ్రేకులు ఆడి సేతిలోనే ఉన్నాయి కదా?" అన్నాను.

"అయితే ఏటంటావు?"

"ఏటీ అనను. మీరు తోల్తారు, ఆడు ఆపాలి. ఇదేటి సంబడం?"

"నోరు ముయ్యే. ఆడలాంటోడు కాడు" అన్నారు. కానీ ఆ రాత్రి అన్నంలో చెయ్యి కలుపుతూ కాసేపు ఆగిపోయారు. అనుమానం నాది, తగిలింది ఆయనకి.

ఆ తర్వాత ఆ మనిషి ఏం చేసినా నా కంటికి మరోలా కనిపించేది. ఒకరోజు మా గుమ్మం ముందు సైకిలు ఆపి, "భాభీ, భయ్యా రిటైర్ ఎప్పుడు?" అని అడిగాడు. ఎందుకు కావాలి? ఇంకోరోజు షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉందని అడిగాడు. టీ ఇస్తే తాగకుండా వెళ్లాడు. బండి నడిపే ముందురోజు మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్తే మా ఆయన లేరు. బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి, సుత్తి చప్పుడు వినిపిస్తోంది. నా గాజుల చప్పుడు విని సుత్తి ఆగింది. ఫిట్టరు బయటికి పాకి, చేతిలోది ఏదో గబుక్కున జేబులో వేసుకున్నాడు.

"భయ్యా స్టోరుకి ఎల్లినాడు" అన్నాడు.

జేబులో వేసుకున్నది ఏమిటని చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను. బీడీ అన్నాడు. ఇప్పటికీ నేను నమ్మను.

నడిపే రోజు వచ్చింది. షెడ్డు ముందు కొంత మేర కొత్త తీగ కట్టారు. పట్టాలు కొంచెం పల్లానికి వెళ్లి, అక్కడ పాత స్లీపరు దుంగల గుట్టతో ముగుస్తాయి. ఆ గుట్టకి ఇవతల పట్టాలకి అడ్డంగా సున్నంతో గీత గీశారు. అక్కడ ఆగాలి.

కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం ఇక్కడ అందరూ చేసేదే. కానీ మనిషిని తిన్న బండి అన్న మాట మా వరసలన్నిటికీ పాకింది కదా, అందుకని మా వైపు వాళ్లు ఎవరికి వాళ్లే దిష్టి గుమ్మడికాయ తెచ్చారు. మేము ఒకటి తీసుకెళ్లాం. చూస్తే వదిన చేతిలో ఒకటి, ఆవిడ మరిది చేతిలో ఒకటి, సెక్టర్ ఫోర్ నుంచి వచ్చిన వాళ్ల దగ్గర ఇంకొకటి. పట్టాల పక్కన బూడిద గుమ్మడికాయల సంత పెట్టినట్టుంది.

"ఓలమ్మో, ఇన్నేటి?" అన్నాను.

"ఒకలు తెచ్చింది ఇంకొకలకి పన్జేస్తాదేటి?" అంది వదిన. "ఎవలి బయం ఆలది."

ప్రతి కాయ మీదా కుంకుమ రాసి, కర్పూరం వెలిగించి, బండి చుట్టూ తిప్పి పట్టాల మీద కొట్టారు. ఒకే చోట కొడితే ఏం బాగుంటుందని గీత దాకా వరసగా కొట్టుకుంటూ వెళ్లారు. వదిన మరిది రెండు పట్టాల మీదా సమానంగా పడాలని ముక్కలు కాలితో సర్దాడు. పసుపు నీళ్లు చల్లారు. దీపం కుందె ఒకటి ఒరిగి నూనె పట్టా మీద కారింది. అపశకునం అనకుండా మంచిదే అన్నారు.

ఫిట్టరు దూరంగా నిలబడి పట్టాల వైపే చూస్తున్నాడు. తర్వాత మా ఆయన దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పబోయాడు. మా ఆయన చెయ్యి విదిలించి, "పూజకాడ అడ్డం రాకు" అనడం మాత్రం నాకు వినిపించింది. ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. చూశావా, మొహం ఎలా పెట్టాడో, అని నేను వదినతో అన్నాను.

ఆఫీసరు చెయ్యి ఊపాడు. మా ఆయన హ్యాండిల్ తిప్పారు. పైన తీగ దగ్గర నీలం మెరుపు మెరిసి, బండి కిందనుంచి మూలుగు లాంటి చప్పుడు వచ్చింది. ఎర్ర రంగు వేసిన ఆ బండి కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, నా చేతులు కొంగు పట్టుకుని ఉన్నాయి. నిమ్మకాయలు నలిగాయి. గుమ్మడి ముక్కల మీద చక్రాలు పచక్ పచక్‌మంటూ వెళ్లాయి. గీత ఇంకా కొంచెం దూరం ఉందనగా మా ఆయన హ్యాండిల్ వదిలేసి బ్రేకు చక్రం రెండు చేతులతో తిప్పడం కనిపించింది.

బండి ఆగలేదు. గీత దాటి మెల్లగా, ఏ తొందరా లేనట్టు వెళ్లి దుంగల్ని గుద్దింది. ముందు అద్దం పగిలింది. మా ఆయన నుదురు చిట్లింది.

అందరూ పరిగెత్తారు. నేను కూడా పరిగెత్తాను. పట్టా దాటబోయి కాలు జారి కూర్చుండిపోయాను. లేచి వెళ్లేసరికి ఆయన్ని కిందికి దింపి తలకి గుడ్డ కడుతున్నారు. అందరి చూపూ ఫిట్టరు మీదే ఉంది. ఆఫీసరు పగిలిన అద్దం చూశాడు. రేపు పొద్దున్న వస్తాను, బండి సంగతీ బ్రేకుల సంగతీ మీ నోటితోనే వింటాను, అని మా ఆయనతో చెప్పి జీపెక్కాడు.

సాయంత్రం మా వరండా నిండా మనుషులు.

"ఆడే వదులు సేసీసినాడు. నట్టు వదిలీడం ఎంతసేపు?"

"హ్యాండిల్ ఇవ్వనేదని కడుపుమంట."

"ముందురోజు ఆడొక్కడే బండి కింద ఉన్నాడంట. మీ ఆవిడే సూసినాదంట కదా!"

నేను చూసింది నిజమే. వదినతో చెప్పిందీ నిజమే. మా ఆయన తలకి కట్టుతో గోడకి ఆనుకుని, "రేపు సెప్పీస్తాను. ఆడి ఉద్యోగం ఉండదు" అన్నారు. అందరూ తలలూపారు. ఆయన ఒక్క మాట చాలు, ఆ మనిషి పని అయిపోయినట్టే. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా చదువుకుంటున్నారు.

అంతలో ఆ ఫిట్టరే వచ్చాడు. మెట్ల కింద నిలబడ్డాడు, పైకి రాలేదు.

"భయ్యా, చక్రాలు ఆగినాయి. నా బ్రేకు పట్టింది. నువ్వు సూడలేదు, నేను సూసినాను. చక్కే రుక్ గయే థే."

"చక్రాలాగితే బండెలా నడిసిందిరా? ఎగిరిందేటి?" అని వదిన మరిది అంటే అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు, తలకట్టు సర్దుకున్నారు. ఆ మనిషి సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

నాకూ నవ్వు రాలేదు. చక్రాలు ఆగడం నేనూ చూశాను. గుద్దే ముందు వెనక చక్రం మీద అతుక్కున్న కుంకుమ మరకల గుమ్మడి తొక్క ఒకటి నా కంటికి ఆనింది. చక్రం తిరిగితే అది కిందికి పోవాలి. పోలేదు. ఉన్నచోటే ఉండి బండితో పాటు ముందుకి వెళ్లింది. అప్పుడు అదేదో ఆ బండిలో ఉన్న దయ్యం పని అనుకున్నాను.

అందరూ వెళ్లాక స్నానాలగదిలో చీర ఉతకడానికి కూర్చున్నాను. కుచ్చిళ్ల నిండా గుమ్మడి గింజలు, జిగురు, నూనె మరకలు. నా చెప్పు తిప్పి చూస్తే అడుగంతా అదే. దాన్ని తడిగచ్చు మీద పెట్టి నొక్కితే జర్రున వెళ్లిపోయింది. చెప్పు తిరగలేదు. వెళ్లింది.

బయటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "నాను పట్టా మీద జారిపోనాను. నా కాలు ఆగింది గాని నానాగనేదు. ఆ చక్రాలూ అలాగే జారినాయేమో."

"అంత బరువు బండి గుమ్మడికాయకి జారతాదేటే? తెలివి తక్కువ మాటలు" అన్నారు. కాసేపటికి, "దిష్టి తీసిన కాయని అనకూడదు" అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద కూడా అనుమానం వచ్చింది. ఆయనకి కూడా తెలిసిందేమో. పూజ పెట్టించింది ఆయనే. నలుగురిలో ఆ మాట ఒప్పుకోవడం కంటే ఆ మనిషి నట్టు వదులు చేశాడనడం తేలికేమో.

మర్నాడు పొద్దున్న ఆయన లేవకముందే లేచాను. సిగిడీ పొయ్యిలో నిన్నటి బొగ్గుల బూడిద తట్టకెత్తి, కొబ్బరి పీచు, ఉప్పు, నీళ్ల బాల్టీ, చెంబు తీసుకుని గోడ దాటాను. పట్టాల మీద గుమ్మడి గుజ్జు ఎండి మెరుస్తోంది, దాని మీద చీమలు బారులు కట్టాయి. అంట్లు తోమినట్టే బూడిద చల్లి, పీచుతో తోమడం మొదలుపెట్టాను. జిడ్డు అంత తొందరగా వదల్లేదు.

వెనక ఫిట్టరు సైకిలు ఆగిన చప్పుడైంది. ఆయనే. తన బ్రేకుల దగ్గర ఇంకెవరైనా చెయ్యి పెడతారేమోనని పెందలాడే వచ్చాడు.

"ఏటి సేస్తున్నావు భాభీ? పట్టాకి ఏటి రాస్తున్నావు?" గొంతులో మర్యాద లేదు. నన్నే అనుమానించాడు.

"రాయడం కాదు, తోముతున్నాను. సెయ్యెట్టి సూడు."

ఆయన కూర్చుని, నేను తోమని చోట వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తోమిన చోట వేలు పెట్టాడు. వేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నీకు తెలుసు. మరి నిన్న సెప్పలేదేం?" అన్నాను.

"సెప్పబోతే భయ్యా తోసీసినాడు. తర్వాత సెప్తే? మీ ఆంధ్రావాళ్ల పూజ. మీ కాయ వల్ల బండి పోయిందంటే నన్ను బతకనిస్తారా?" అని, నా తట్టలోంచి బూడిద దోసిలితో తీసుకుని అవతలి పట్టా దగ్గర కూర్చున్నాడు.

ఇద్దరం చెరో పట్టా తోముతుంటే మా ఆయన వచ్చారు. తలకి కట్టు, చేతిలో నేను ఇంట్లో వదిలేసిన టీ గ్లాసు. ఒకసారి నన్ను చూశారు, ఒకసారి ఫిట్టరుని చూశారు. మేమిద్దరం ఒకచోట ఉండడం కూడా ఆయనకి అనుమానంగానే తోచిందని మొహం చూస్తే తెలిసింది.

"ఏటే ఇది?"

"ముందు ఈ పట్టా మీద సెయ్యెట్టండి. తర్వాత ఆఫీసరుకి ఏటి సెప్పాలో సెప్పుకోండి" అన్నాను.

ఆయన గ్లాసు దుంగ మీద పెట్టి, వంగి, తోమని చోట అరచెయ్యి పెట్టి ముందుకి తోశారు. చెయ్యి జారింది. తోమిన చోట పెట్టి తోశారు. చెయ్యి ఆగింది. అరచెయ్యి ఫిట్టరు వైపు తిప్పి చూపించారు. నేను మా ఆయన చేతిమీద చెంబుతో నీళ్లు పోసి, సున్నపు గీత దాకా ఇంకా మిగిలిన పట్టా మీద బూడిద చల్లుకుంటూ ముందుకి జరిగాను.